ఎవరి కొరకు ఈ యోగ్యతాపత్రము?

మన వంటయింటి గ్యాసుబండను ఒక్కమారు తేరి చూడుడు. పైనున్న వలయమును బండకు కలుపు ఉక్కుపట్టీలలో నొకదాని లోపలివైపున ఒక ఆంగ్లాక్షరమును, రెండంకెలును కానవచ్చును. ఏ అనగా జనవరి మొదలు మార్చి వరకు. బి అనగా ఏప్రిలు మొదలు జూను వరకు. సి, డి యనునవి తక్కిన రెండు త్రైమాసికములు. అంకెలు సంవత్సరమును తెలుపును. సి-27 అని యున్నచో 2027 సెప్టెంబరు నెలాఖరులోగా ఆ బండను మరల పరీక్షింపవలెనని యర్థము. క్రొత్తబండకు మొదటి పరీక్ష పదియేండ్లకు, అటుపిమ్మట అయిదేండ్లకొకమారు. గడువు దాటిన బండను తెచ్చినచో గృహిణి దానిని గడప దాటనీయక త్రిప్పి పంపవచ్చును. ఇందుకై ఆమె యే పట్టమును పొందనక్కరలేదు. ఏ యధికారికిని అర్జీ పెట్టుకొననక్కరలేదు. కన్నులుండి, అంకెలు చదువ నేర్చియుండిన చాలును.

ప్రెషరు కుక్కరు సంగతియు నట్టిదే. 2021 ఫిబ్రవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర లేని కుక్కరును మన దేశమున చేయుటయు, అమ్ముటయు నిషిద్ధము. ఆ ముద్ర పాత్రమీదనే యుండును. వెయిటు మొరాయించినచో కరగి ఆవిరికి దారి యిచ్చు చిన్నబిరడా మూతలోనే అమర్చబడి యుండును. అయిదు లీటర్ల పాత్రకు ఇంత జాగ్రత్త! దీనిని మేము తప్పుపట్టుట లేదు, మెచ్చుకొనుచున్నాము. పాత్ర పరీక్షింపబడినదా లేదా యను సంగతి ఆ పాత్రతో మెలగువారి కంటికి కనబడవలెనను సూత్రమును ప్రభుత్వమువారు ఇచ్చట అంగీకరించిరి.

ఇక ఆ యింటినుండియే ఒకడు తెల్లవారుజామున బయలుదేరి ఉప్పుడుబియ్యపు మిల్లునకో, పాలడెయిరీకో, చక్కెర కర్మాగారమునకో, మందుల ఫ్యాక్టరీకో పోవును. అచ్చట వాడు నిలుచు తావునకు నాలుగడుగుల దూరమున, వేలకొలది లీటర్ల నీటిని చదరపు సెంటీమీటరునకు పది కిలోల ఒత్తిడితో మరిగించు ఉక్కుపాత్ర యొకటి యుండును. దానికి బాయిలరని పేరు. దానికిని పరీక్ష కలదు, గడువు కలదు, యోగ్యతాపత్రము కలదు. ఆ పత్రమెక్కడ? పెక్కుచోట్ల మేనేజరుగారి గదిలో, బీరువాలో.

దానిని చూపుమని యడుగ నధికారము గలవారెవరు? 1923 నాటి బాయిలర్ల చట్టము పదునైదవ సెక్షనులో ఆ జాబితా నిచ్చినది. జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరు, ఆ ప్రాంతపు మేజిస్ట్రేటు, బాయిలర్ల ప్రధాన ఇన్‌స్పెక్టరు, ఆయన క్రింది ఇన్‌స్పెక్టరు, కర్మాగారముల ఇన్‌స్పెక్టరు, జిల్లా మేజిస్ట్రేటుగాని పోలీసు కమిషనరుగాని వ్రాతమూలముగ నధికారమిచ్చిన వ్యక్తి. వీరడిగినచో యజమాని చూపి తీరవలెను. బాయిలరు ప్రక్కన పగలు రాత్రి నిలుచువాడు మాత్రమా జాబితాలో లేడు. ఆ చట్టము నూరేండ్లు దాటి బ్రతికినది. 2025లో పార్లమెంటు క్రొత్త చట్టమును చేసి పాతదానిని రద్దుచేసినది. భాష సులభమైనది, ప్రకరణములు సర్దబడినవి. కాని యోగ్యతాపత్రము కార్మికుని కంటికెదురుగా నుండవలెనని తేటగా పలికిన మాట క్రొత్త చట్టమునను లేదు. గృహిణికి గ్యాసుబండ విషయమున దక్కిన గౌరవము ఆమె భర్తకు బాయిలరు విషయమున దక్కలేదు. మా ఫిర్యాదు ఇదియే.

ఇది కేవలము కాగితపు తగవు కాదని తెలియుటకు ఆవిరి స్వభావము కొంత ఎరుగవలెను. బయట నూరు డిగ్రీలకు మరుగు నీరు, పది కిలోల ఒత్తిడిలో సుమారు నూట ఎనుబదినాలుగు డిగ్రీల వరకు మరుగక నిలుచును. మూత బిగించియున్నంతవరకు దాని వేడిమి దానిలోనే అణగియుండును. పాత్ర యెచ్చటనైన చినిగెనా, ఒత్తిడి ఒక్కుమ్మడిగ పోవును. ఆ నీరు నూరు డిగ్రీలకు దిగవలసి యుండును. దిగుటలో విడిచిన వేడిమితో ఆ నీటిలో నించుమించు ఆరవవంతు రెప్పపాటులో ఆవిరియగును. నీరు ఆవిరియైనచో బయటి గాలి ఒత్తిడిలో దాని పరిమాణము పదునారు వందల రెట్లకు పైగా పెరుగును. వేయి కిలోల నీరున్న చిన్నబాయిలరు చినిగినచో అప్పటికప్పుడు పుట్టు ఆవిరి రెండువందల యేబది ఘనమీటర్లకు తక్కువ కాదు. అనగా మూడు తరగతిగదులు నిండునంత ఆవిరి, ఒక పెట్టెయంత చోటినుండి, కన్ను మూసి తెరచులోపల బయటికి రావలెను. అది గోడ యని చూడదు, మనుష్యుడని చూడదు. బాయిలరును జలపరీక్ష చేయునప్పుడు ఆవిరితో గాక చల్లని నీటితో నింపి, వాడుక ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు వరకు ఎక్కించి చూచుట యిందువలననే. చల్లని నీరు నొక్కుడుపడదు గనుక పాత్ర చినిగినను నీరు కారునే గాని ప్రేలదు.

ఇట్టి భూతమును మనుష్యుడు లొంగదీసిన తీరు అద్భుతము. ఒత్తిడి హద్దు దాటినచో తమంత తామే తెరచుకొను సేఫ్టీవాల్వులు రెండు. లోపలి నీటిమట్టమును చూపు గాజుగొట్టములు రెండు. ఒకటి మోసపుచ్చినను రెండవది నిజము చెప్పవలెనని. ఎఱ్ఱగీత గీసిన ప్రెషరుగేజి. నీరు తగ్గి నిప్పుకు రేకు బయటపడినచో కరగి మంటను చల్లార్చు లోహపుబిరడా. ఇన్ని యుండియు ప్రమాదములు కలుగుటకు కారణములు గ్రహణములవలె గగనమునుండి దిగివచ్చునవి కావు. నీరు తక్కువగుట, బోరునీటి సున్నము లోపల పెచ్చుకట్టి రేకు ఎఱ్ఱగ కాలుట, వాల్వు పట్టుకొనిపోవుట, అది ఊరక కూయుచున్నదని దానిని బిగించి కట్టుట, అతుకుచోట కానరాని చీలిక పుట్టుట. ఇందులో మొదటి నాలుగింటిని ఎరుగువాడు ఎవడు? సంవత్సరమున కొకదినము వచ్చు పరీక్షాధికారియా? తక్కిన మున్నూట అరువదినాలుగు దినములు అచ్చట నుండువాడా?

చట్టమే ఈ ప్రశ్నకు తెలియక సమాధాన మిచ్చినది. 1923 నాటి చట్టము ప్రకారము బాయిలరు యోగ్యతాపత్రము పండ్రెండు నెలలకు మించి చెల్లదు. ఆ గడువులోపలనే బాయిలరునకు ప్రమాదము కలిగినచో పత్రము చచ్చును. స్థలము మార్చినచో చచ్చును. అనుమతి లేక దాని కట్టడమున మార్పు చేసినచో చచ్చును. మిగుల యుక్తమైన నియమము. తర్కశాస్త్రము చదివినవారికి యోగ్యత యను మాట తెలియును. ‘నిప్పుతో తడుపుచున్నాడు’ అను వాక్యమున పదములన్నియు సరిగనే యున్నను వాక్యమునకు యోగ్యత లేదందురు. పదార్థములకు పొందిక లేదు గనుక. ‘ఈ బాయిలరు పది కిలోలకు తగినది’ యను వాక్యమును, ఆ బాయిలరునకు నిన్న రాత్రి దొంగచాటున అతుకువేసిన పిమ్మట, అట్టి వాక్యమే యగును. ముద్ర చెరగలేదు, సంతకము చెరగలేదు, యోగ్యత మాత్రము పోయినది. పోయినట్లు చూచినవారు ఇద్దరు: అతుకువేయించినవాడు, అతుకువేయుచుండగా దీపము పట్టుకొన్నవాడు. మొదటివాడు చెప్పడు. రెండవవానికి పత్రమనునది యొకటి కలదనియు, అది నిన్న రాత్రితో చచ్చెననియు తెలియదు.

పూర్వకథ కొంత చెప్పవలసియున్నది. 1803లో ఇంగ్లండునందలి గ్రినిచ్‌లో రిచర్డ్ ట్రెవిథిక్ నిర్మించిన హెచ్చు ఒత్తిడి బాయిలరు ప్రేలి నలుగురు మరణించిరి. కనిపెట్టుకొని యుండవలసిన బాలుడు మలుగుచేపలు పట్టబోయెను. ఆవిరికి దారి మూయబడి యుండెను. ప్రతిస్పర్ధులు దీనిని చూపి హెచ్చు ఒత్తిడియే మహాపాపమని చాటిరి. ట్రెవిథిక్ వారితో వాదులాడుటకు మించిన పని చేసెను: తన బాయిలరులో సీసపుబిరడాను అమర్చెను. ప్రమాదమునుండి పాఠము నేర్చి దానిని యంత్రములోనే చెక్కుట యనగా నిది. మన కుక్కరు మూతలోని బిరడా ఆ బిరడాకు మనుమరాలు.

1854లో మాంచెస్టరు పురమున విలియం ఫెయిర్‌బెయిర్న్ మొదలగువారు ఆవిరియంత్రముల యజమానులనే చేర్చి, తమ బాయిలర్లను తామే పరీక్షింపించుకొను సంఘమును స్థాపించిరి. అయినను ప్రేలుళ్లు ఆగలేదు. సంఘమున చేరనివారే పెక్కండ్రు. 1882లో బ్రిటిషు పార్లమెంటు ఒక చిన్నచట్టమును చేసెను. చదువరులు గమనింపవలసినది యిచ్చట నున్నది. బాయిలర్లను విధిగా పరీక్షింపవలెనని ఆ చట్టము చెప్పలేదు. ఆ విధి 1901 నాటి కర్మాగార చట్టముతో గాని రాలేదు. 1882 చట్టము చెప్పిన దొక్కటే: ఏ బాయిలరు ప్రేలినను ప్రభుత్వమునకు తెలుపవలెను, ప్రభుత్వము విచారణ చేయవలెను. ఆ విచారణ నివేదికలు వరుసగ అచ్చుపడెను. ఏ యూర, ఎవరి మిల్లులో, ఎన్నేండ్ల పాత్ర, ఎవరు పరీక్షించిరి, ఏ రేకు ఎంత అరిగెను, తప్పెవరిది అని బొమ్మలతో సహా లోకమునకు తెలియజేసిరి. అంతవరకు ప్రేలుడనగా ‘దైవికము’ అని శవపంచాయతీలో వ్రాసికొని పోయెడివారు. నివేదికలు వెలువడిన పిదప అరిగిన రేకును దైవమని పిలుచుట కష్టమయ్యెను.

అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రపు బ్రాక్టన్ పురమున 1905 మార్చి 20న చెప్పుల కర్మాగారములోని పాతబాయిలరు ప్రేలి కట్టడము కూలి కాలెను, యేబదియెనమండుగురు మరణించిరి. రేకుల యంచులను ఒకదానిపై నొకటి కప్పి రివెట్లు కొట్టిన అతుకులో, కప్పుడు క్రింద దాగిన చీలిక దానికి కారణము. ఎంతటి నిపుణుడు పరీక్షించినను కంటికి చిక్కని చోటది. కాబట్టి పరీక్షయే సర్వరోగనివారిణి యని మేము చెప్పబోము. కాని ఆ చీలికను గూర్చి బహిరంగముగ చర్చించినందుననే 1907లో ఆ రాష్ట్రమున క్రొత్త చట్టమును, 1915లో అమెరికా యంత్రశాస్త్రజ్ఞుల సంఘమువారి బాయిలరు నిబంధనావళియు వెలువడెను. నేటికిని లోకమున పెక్కుదేశములు ఆ నిబంధనావళినే ప్రమాణముగ గ్రహించుచున్నవి. మృతుల పేర రాళ్లు నాటుటతో వారు తృప్తిపడి యుండినచో ఈ నిబంధనావళి పుట్టి యుండెడిది కాదు.

మన దేశముననో? 1863లో కలకత్తాలో ఘోరమైన బాయిలరు ప్రేలుడు సంభవించెను. 1864లో బెంగాలు శాసనసభ చట్టము చేసెను. తరువాత ఒక్కొక్క రాష్ట్రము ఒక్కొక్క తీరున చట్టములు చేసికొనగా, వానిని ఏకము చేయుటకు 1920లో ఒక కమిటీ యేర్పడి, దాని ఫలితముగ 1923 చట్టము వచ్చెను. 1950లో సాంకేతిక నిబంధనావళి వెలువడెను. ప్రేలుడు పిమ్మట చట్టము! గతజలసేతుబంధన మనుట యిదియే గాని, ఆ సేతువైనను కట్టిరి గదా యని సంతోషింతము. మన లోపము చట్టము లేకపోవుట కాదు. మన చట్టము అధికారికిని యజమానికిని నడుమ నడచు ఉత్తరప్రత్యుత్తరము. మూడవవాడు, చచ్చువాడు, ఆ యుత్తరములకు నకలు పొందుటలేదు.

ఇటీవలి మార్పులను చూతము. 2007 సవరణతో ప్రభుత్వ ఇన్‌స్పెక్టరుకు బదులుగ, గుర్తింపు పొందిన ఇతర నిపుణులును పరీక్షించి యోగ్యతాపత్ర మీయవచ్చునని యేర్పడినది. దీనిని చూచి గుండెలు బాదుకొనుట మా యుద్దేశము కాదు. ఇన్‌స్పెక్టర్లందరు హరిశ్చంద్రులని మేము చెప్పలేము; బాయిలరువంకనైన చూడక బల్లవంక చూచి పోయినవారి కథలు మిల్లులున్న ప్రతి యూరనుండియు వినవచ్చును. వ్యాపారమును సులభము చేయవలెననుటయు దోషము కాదు. కాని వృత్తిరీత్యా మా కొక సందేహము కలుగును. పరీక్ష వ్రాయు విద్యార్థియే పరీక్షకుని ఎంచుకొని, రుసుము చేతికిచ్చి, తప్పించినచో మరుసటి యేడు వేరొకని పిలుతునని చెప్పినచో, ఆ యుత్తీర్ణతకు విలువ యెంత? ఇట్టి యేర్పాటు నిలువవలెనన్నచో దానికి తోడుగ నొకటి యుండవలెను: ఫలితమును గోడకు అంటించుట. పదవతరగతి పిల్లవాని మార్కులు లోకమంతయు చూడవచ్చును గాని, ఇన్నూరుమంది ప్రాణములు ఆధారపడిన పాత్ర మార్కులు రహస్యమట!

2025 చట్టము ఏడు నేరములలో నాల్గింటికి మాత్రమే క్రిమినలు శిక్షను నిలిపి, తక్కినవానికి డబ్బుజరిమానాతో సరిపెట్టినది. ఇదియు మాకు ప్రధానము కాదు. ప్రాణాపాయకరములైన వానికి శిక్ష నిలిపితిమని సర్కారువారు చెప్పుచున్నారు. కాని పాత చట్టములోవలెనే క్రొత్తదానిలోను, రాష్ట్రప్రభుత్వము తలచినచో ఒక ప్రాంతమును చట్టపరిధినుండి తొలగింపవచ్చునను వెసులుబాటు నిలిచియున్నది. ఆవిరికి తాలూకా సరిహద్దులు తెలియవని ఎవరైన వారికి చెప్పవలెను.

చట్టపు అంచులు ఇంకొక విధమునను గమనింపదగినవి. ఇరువదియైదు లీటర్లకు తక్కువైన పాత్ర బాయిలరు కాదు. ఒక కిలో ఒత్తిడికి లోపలిది కాదు. ఆవిరి పుట్టింపక, వేడినూనెను త్రిప్పు యంత్రమును కాదు. మందుల ఫ్యాక్టరీలలోని రియాక్టర్లును, ఆరబెట్టు డ్రయ్యర్లును ఈ చట్టము క్రిందికి రావు. అవి 2025 నవంబరు వరకు కర్మాగారముల చట్టము నీడను పొందవలసి యుండినవి. 2025 జూను 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారములోని సిగాచి కర్మాగారమున జరిగిన ప్రేలుడులో, జాడ తెలియనివారితో కలిపి యేబదిమందికి పైగా మరణించిరి. మొదటి దినమున రియాక్టరు ప్రేలెనని వార్త. పిదప ఆరబెట్టు విభాగమునుండి పుట్టినదని తేలెను. అందు మృతులైనవారిలో పెక్కండ్రు బీహారు, ఒడిశా మొదలగు దూరదేశములనుండి కూలికి వచ్చినవారు. ఏ పాత్ర యే చట్టము క్రిందిదో, దానిని ఎవరు ఎప్పుడు పరీక్షించిరో, వారిలో ఒక్కనికైన తెలియు నుపాయ మేమి యుండెను?

‘ఉపాయము లేకేమి? కార్మికుడు తన క్షేమమునకు సంబంధించిన సమాచారము నడుగు హక్కు 1987లోనే కర్మాగారముల చట్టమున చేర్పబడినది గదా; 2025 నవంబరు 21 నుండి అమలగుచున్న క్రొత్త కార్మికస్మృతియు ఆ హక్కును పలుకుచున్నది గదా’ యని న్యాయవాదులైన మిత్రులు మమ్ము నిలదీయుదురు. పలుకుచున్నది, నిజము. భూపాలు దుర్ఘటన పిదప వచ్చిన మంచిమాట యది. కాని అడిగి పొందు హక్కు వేరు, అడుగకయే కనబడుట వేరు. కాంట్రాక్టరు క్రింద దినకూలికి వచ్చినవాడు, ‘అయ్యా, మీ బాయిలరు సర్టిఫికెట్టు చూపుడు’ అని మేనేజరు నడిగిన మరునాడు వానికి పని యుండునా? గృహిణి గ్యాసుకంపెనీవారి కార్యాలయమునకు పోయి తేదీ యడుగుట లేదు. తేదీయే ఆమె యింటికి నడచి వచ్చుచున్నది. ఆ యేర్పాటును చేసినవారికి, అడుగుట యెంత భారమో తెలియును. మిల్లు విషయమున వారు దానిని మరచినట్లున్నది.

‘కార్మికునికి చూపినను ఏమి తెలియును?’ అనునది రెండవ ఆక్షేపణ. ఈ మాట మాకు చిరపరిచితము. స్త్రీకి చదువేల, హరిజనునికి బడియేల, రైతునకు ఓటేల యన్నవారి నోట వినినదే. గేజిలో ఎఱ్ఱగీత పదివద్ద నున్నదో, పండ్రెండువద్ద నున్నదో, పలకమీద వ్రాసిన అంకెతో పోల్చిచూచుటకు ఏ శాస్త్రము వలయును? గడువుతేది గడచెనా లేదా యని తెలియుటకు గోడమీది కాలెండరు చాలదా? బాయిలరు నడుపువానికి పరీక్షపెట్టి ప్రత్యేకముగ పత్ర మిచ్చుచున్నది ఈ ప్రభుత్వమే. మొదటితరగతి, రెండవతరగతి యని వారిలో తరగతులు కలవు. పత్రములేనివానిచేత బాయిలరును నడిపింపరాదు. మేమెరిగిన ఒక మిల్లులో పత్రముగలవాడు నెలకొకమారు వచ్చి సంతకముచేసి పోవును. ఊక ఎగద్రోసి, నీరు చూచి, వాల్వు త్రిప్పువాడు పదునెనిమిదేండ్ల సహాయకుడు. పత్రముగలవాని పేరును, ముఖచిత్రమును బాయిలరు గది ద్వారముననే పెట్టియుండినచో ఈ నాటకము ఎన్నిదినములు నడచును?

మూడవది విధివాదము. ఇది వాదముగ ఎదుటికి రాదు, నిట్టూర్పుగ వచ్చును. దసరాకు బాయిలరునకు పసుపు కుంకుమలు పూసి, నిమ్మకాయ కట్టి, గుమ్మడికాయ కొట్టుదురు. పూజను మేము నిందింపము. పనిముట్టును గౌరవించుట మన పెద్దలు నేర్పిన మర్యాద. కాని ఆ దినముననైన మసిబట్టిన గాజుగొట్టమును తుడిచి, సేఫ్టీవాల్వును ఒక్కమారు ఎత్తి చూడుడని కోరుచున్నాము. కుంకుమ అంటి గేజిముఖము కనబడని బాయిలరును మేము కన్నులార చూచితిమి. ప్రమాదమైన దినమున ‘ఆయువు తీరినది’ అందురు. తీరినది పత్రముయొక్క యాయువో, రేకుయొక్క యాయువో ముందు తేల్చుడు.

ప్రమాదము పిమ్మట మన దేశమున వెంటనే ప్రకటింపబడు అంకె యొకటియే: పరిహారపు లక్షలు. కారణము మాత్రము కమిటీకి పోవును. 2017 నవంబరు 1న రాయబరేలి జిల్లా ఊంచాహారు విద్యుత్కేంద్రమున అయిదువందల మెగావాట్ల యూనిటు బాయిలరులో సంభవించిన ప్రేలుడు వలన నలువదిమందికి పైగా మరణించిరి. 2020 మే 7న నైవేలి రెండవ థర్మలు కేంద్రమున ఒక బాయిలరులో ప్రమాదము కలిగి కాలినవారిలో కొందరు చనిపోయిరి. ఇంక రెండు నెలలు నిండకయే, జూలై 1న, అదే కేంద్రమున ప్రక్క యూనిటు బాయిలరు ప్రేలి ఆ దినముననే ఆరుగురు, పిదప మరికొందరు మృతినొందిరి. మే నెల ప్రమాదమునకు కారణమేమో జూను నెలలో ఆ కేంద్రపు ద్వారమున అరవభాషలో వ్రాసి పెట్టియుండినచో జూలై మొదటి దినము వేరుగ నుండెడిదా? ఉండెడిదని మేము ప్రమాణము చేయలేము. కాని జూలై 1న పనికెక్కినవారికి ఆ కారణమును చదివి, ఎక్కుటయో మానుటయో నిర్ణయించుకొను తరుణమైన నుండెడిది.

ఇది అసాధ్యమని చెప్పుటకు వీలులేదు. ఆ మే 7వ తేదీననే విశాఖపట్టణములో ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెడలి పండ్రెండుగురు మరణించిరి. అది బాయిలరు కాదు, నిలువతొట్టి. రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము రెండు నెలలలో వేల పుటల నివేదిక నిచ్చినది. దానిని ప్రజల యెదుట పెట్టిరి. చేయవచ్చునని తేలినది గదా! ఊరంతయు లేచి కేకవేసినచోట చేసిన పనిని, ఇద్దరు కూలీలు చచ్చిన బియ్యపుమిల్లు విషయమునను చేయుడనియే మా కోరిక. ఆ విశాఖ నివేదిక ఆంగ్లమున నున్నది. వెంకటాపురము గ్రామస్థులకు తెనుగున నాలుగు పుటల సారాంశమిచ్చుటకు ఎంత ఖర్చగును?

కావున మేము కోరునది విడ్డూరమైనది కాదు. ప్రతి బాయిలరు గది ద్వారమునను, ప్రతి రియాక్టరు కడను, తెనుగునను, అచ్చట పనిచేయువారి యితర భాషలలోను ఒక పలక యుండవలెను: పాత్ర సంఖ్య, అనుమతించిన ఒత్తిడి, కడపటి జలపరీక్ష తేది, పరీక్షించినవాని పేరు, గడువు, నడుపువాని పేరు, ఏయే సందర్భములలో పత్రము చెల్లదో రెండు మాటలు. ప్రేలుడు జరిగినచో నివేదిక నియతకాలములో అచ్చుపడవలెను. మృతుల కుటుంబములకు పరిహారపు చెక్కుతోడనే అదియు వారి భాషలో అందవలెను. పరీక్షించి యోగ్యమన్నవాని పేరు ఆ నివేదికలో మరుగుపడరాదు. వ్యాపారరహస్యము బయటపడునని భయపడువారికి ఒక్క మాట. మీ మందు దినుసు మాకు వద్దు. మీ రేకు మందము చెప్పుడు.

శాసనసభ్యులకు ఉత్తరములు వ్రాయుడని చదువరులను కోరుదుము గాని, అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. ఈ పత్రిక చదువు కుటుంబములలో మిల్లులు గలవారును, మిల్లులలో వాటాలు గలవారును పలువురున్నారు. పలక పెట్టవలదని ఏ చట్టమును వారిని నిషేధించుట లేదు. సర్టిఫికెట్టు నకలు తీసి, గాజుచట్రములో బిగించి, దాని ప్రక్కన తెనుగున పై సంగతులను వ్రాయించుటకు ఒక పూట పని, కొలదిపాటి ఖర్చు. ఇల్లాండ్రు భోజనమువేళ ఒక్కమారు అడిగినచో చాలును: ‘మన బాయిలరు గడువెప్పుడు?’ అని. సమాధానము వెంటనే రానిచోట మరునాడును అడుగవలెను. పలక పెట్టినవారు అందేమి వ్రాయించిరో మాకొక కార్డు వ్రాసినచో, వారి పేర్లతో సహా ఈ పత్రికలోనే ప్రకటింపుమని సంపాదకులను ప్రార్థింతుము.